‘పునఃప్రారంభించు’ అంటే ఆపాలా, ఆపకూడదా?

ప్రశ్న (అనువాదకురాలు)

లినక్స్ సర్వర్ల నిర్వహణపై ఒక చేతిపుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. కొత్త ప్యాకేజీలు ఎక్కించిన తరువాత, అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములను ఏమి చేయాలో చెప్పే అధ్యాయం దగ్గర చిక్కుపడ్డాను. మూలంలో రీస్టార్ట్, రీలోడ్, రీబూట్ అని మూడు మాటలున్నాయి. నాకు అందిన పదపట్టికలో మూడింటికీ ఒకే మాట: పునఃప్రారంభించు. సర్వీసుకు ‘సేవ’ అని ఉంది. ‘సేవలను పునఃప్రారంభించండి’ అని రాసి చదువుకుంటే, తిరుమలలో ఆర్జిత సేవల ప్రకటన చదివినట్లే ఉంది. మూడింటికీ ఒకే మాట ఉంటే నష్టమా?

సర్వర్లు చూసే సభ్యుడు

నష్టమేనండీ. ఉగాదికి ఇంట్లోకి కొత్త పంచాంగం వచ్చింది, పాతది అల్మారాలో నుంచి తీసేశారు అనుకోండి. కానీ పురోహితుడు గారు అంతకుముందే పాతదాన్ని చేతిలోకి తీసుకుని కూర్చున్నారు. అల్మారాలో ఏమి మారినా ఆయన చదివేది పాత తిథులే. లినక్స్‌లో జరిగేది ఇదే. అప్‌డేట్‌తో డిస్కు మీద లైబ్రరీ ఫైలు, అంటే పలు ప్రోగ్రాములు పంచుకుని వాడే కోడు, కొత్తదవుతుంది. పాతదాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాము దాన్ని వదిలేదాకా ఆ పాతది నిజంగా పోదు. ఆ ప్రోగ్రాము మెమరీ మ్యాపు చూస్తే ఫైలు పేరు పక్కన ‘డిలీటెడ్’ అని ఉంటుంది. పేరు చెరిగిపోయింది, పని మాత్రం సాగుతోంది!

2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గుప్తీకరణ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ఇదే ప్రాణసంకటమైంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సరిచేసిన రూపం 1.0.1జి అదే రోజు వచ్చింది. కానీ ప్యాకేజీ ఎక్కించి, వెబ్ సర్వరును ఆపి మళ్ళీ నడపనివారికి లోపం అలాగే ఉండిపోయింది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలలో నీడ్‌రీస్టార్ట్ అనే పనిముట్టు ఉన్నది ఇందుకే. ఏ ప్రోగ్రాములు ఇంకా పాత లైబ్రరీని పట్టుకుని ఉన్నాయో వెతికి చెబుతుంది. ఉబుంటు 22.04 సర్వరు వాడినవారికి అప్‌డేట్ చివర అది అడిగే ప్రశ్న బాగా పరిచయమే.

ఇప్పుడు మీ మాటల దగ్గరికి వస్తాను. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరును రీలోడ్ చేస్తే అమరికల ఫైలు మళ్ళీ చదువుకుంటుంది, కొత్త పనివాళ్ళను, అంటే పనిచేసే పిల్ల ప్రాసెస్‌లను, పుట్టిస్తుంది. కానీ వాళ్ళను పుట్టించే పెద్ద ప్రాసెస్ పాతదే, దాని చేతిలోని లైబ్రరీ పాతదే, కాబట్టి పిల్లలకు దక్కేదీ పాతదే. మీ పుస్తకం చదివి ‘పునఃప్రారంభించాను కదా’ అని రీలోడ్‌తో సరిపెట్టుకున్న మనిషి సర్వరులో లోపం అలాగే ఉంటుంది. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మారితే సర్వీసును ఆపి నడిపినా చాలదు, మామూలుగా యంత్రాన్నే ఆపి లేపాలి.

తెలుగు మాస్టారు

అమ్మా, మాటలోనే తికమక ఉంది. ‘వేసవి సెలవుల తరువాత పాఠశాలలు పునఃప్రారంభం’ అని పత్రికలు రాస్తాయి. ‘నిలిచిపోయిన పనులు పునఃప్రారంభం’ అనీ రాస్తాయి. రెండు చోట్లా ఆగింది ముందే జరిగిపోయింది. ఈ మాట చెప్పేది ఆ తరువాతి సంగతి మాత్రమే. నడుస్తున్నదాన్ని పట్టుకుని ఆపమన్న ఆజ్ఞ ఇందులో లేదు. నిలిచిన చోటి నుంచి కొనసాగుతుందన్న ఛాయ కూడా ఉంది. మీ సర్వరులో అలా కొనసాగదని వింటున్నాను.

తెలుగుకు ‘చేసి’, ‘చూసి’ లాంటి క్త్వార్థకం ఉండగా ఇంత అవస్థ ఎందుకు? ‘ఆపి మళ్ళీ నడుపు.’ ముందు ఏమి చేయాలో, తరువాత ఏమి చేయాలో ఆ ‘ఆపి’ వరసలో చెప్పేస్తుంది. రీలోడ్‌కు ‘అమరికలు మళ్ళీ చదివించు’ చాలు.

పాత మాటే ఉంచదలిస్తే రాత సరిగా ఉండాలి. క, ఖ, ప, ఫ ల ముందు విసర్గ నిలుస్తుంది, కాబట్టి పునఃప్రారంభం. అచ్చు వస్తే రేఫ (ర) అవుతుంది, కాబట్టి పునరారంభం, పునరుద్ధరణ. ‘పునఃరారంభం’ రాసేవారు రెండూ ఒకేసారి కావాలనుకుంటారు. ఇక విసర్గ బదులు కోలన్ కొట్టే అలవాటు! కంటికి ఒకటిగా కనిపించినా కంప్యూటరుకు అవి వేర్వేరు అక్షరాలు, వెతికితే దొరకవు.

అనువాదకురాలు

మాస్టారూ, వెతికి చూశాను. పదపట్టికలో కోలన్లే ఉన్నాయి. సిగ్గేసింది.

ఇంకొకటి మిగిలింది. లినక్స్‌లో మిగతా సర్వీసులను నడిపే సిస్టండీ మొదటి ప్రాసెస్ కదా, దాన్ని ఆపలేము. ‘డీమన్ రీఎగ్జెక్’ అని వేరే ఆజ్ఞ ఉంది. దీన్ని ఏమనాలి?

సర్వర్లు చూసే సభ్యుడు

అది తన స్థితిని భద్రపరచుకుని, అదే ప్రాసెస్ సంఖ్యతో కొత్త ప్రోగ్రామును తనలోకి ఎక్కించుకుంటుంది. ఆత్మ అదే, శరీరం వేరు. పరకాయ ప్రవేశం!

తెలుగు మాస్టారు

పరకాయం అంటే ఇంకొకరి శరీరం. ఇక్కడ ఇల్లు మారలేదు, ఒళ్ళే కొత్తదయింది. కాయకల్పం అనండి. పుస్తకంలో పెట్టమని మాత్రం అనను, పాఠకుడు మూలికల దుకాణానికి పోతాడు.

అనువాదకురాలు

అయితే ఆజ్ఞ పేరు తెలుగు లిపిలో అలాగే ఉంచి, పక్కన ‘ఆగకుండానే కొత్త రూపంలోకి మారడం’ అని ఒకసారి వివరిస్తాను. రీస్టార్ట్‌కు ‘ఆపి మళ్ళీ నడుపు’, రీబూట్‌కు ‘యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపు’. ‘సేవ’ తీసేసి సర్వీసు అనే రాస్తున్నాను. బొత్తం మీద చోటు చాలకపోతే ‘మళ్ళీ’ వదిలేసి ‘ఆపి నడుపు’ అనవచ్చా?

తెలుగు మాస్టారు

అనవచ్చు. ఆగి ఉన్నదాన్ని నడపడం ఎలాగూ మళ్ళీ నడపడమే.