ఓటు హక్కు లేని ప్రతినిధి: ఓటు లేనిది ఎవరికి?

అమెరికా పాలనలో ఉన్న పసిఫిక్ దీవి గ్వామ్ ఎన్నికల మీద చిన్న వ్యాసం తెలుగు చేస్తూ 'నాన్ ఓటింగ్ డెలిగేట్' దగ్గర ఆగిపోయాను. 'ఓటు హక్కు లేని ప్రతినిధి' అని రాస్తే మా ఆవిడ చదివి, "పాపం, ఓటర్ల జాబితాలో పేరు లేదా?" అంది. నిజమే, మనకు ఓటు హక్కంటే పద్దెనిమిదేళ్లు నిండితే వచ్చేది. గ్వామ్ డెలిగేట్ రెండేళ్లకోసారి జనం ఓట్లతో గెలిచి వాషింగ్టన్ వెళ్తారు. లేనిదల్లా అమెరికా కాంగ్రెస్ దిగువ సభలో బిల్లు మీద తుది ఓటు.

'ప్రతినిధి'తో ఇంకో చిక్కు. ఆ సభ పేరే ప్రతినిధుల సభ. ఓటున్న 435 మందీ ప్రతినిధులే. గ్వామ్, అమెరికన్ సమోవా, వర్జిన్ ఐలాండ్స్, నార్తర్న్ మరియానా, వాషింగ్టన్ డీసీల డెలిగేట్లనీ, ప్యూర్టోరికో రెసిడెంట్ కమిషనర్‌నీ అదే మాటతో పిలిస్తే తేడా ఎలా తెలుస్తుంది? మంచి మాటుంటే చెప్పండి.

జవాబు: 'ఉత్సవ విగ్రహం' అనేస్తే సరి!

జవాబు: ఉత్సవ విగ్రహం నోరు విప్పదు కదండీ. వీళ్లు మాట్లాడతారు, బిల్లులు పెడతారు, కమిటీల్లో ఓటు కూడా వేస్తారు. నాకైతే 'ఆటలో అరటిపండు' గుర్తొచ్చింది. సభ మొత్తం ఒకే కమిటీగా కూర్చున్నప్పుడు వీళ్లూ ఓటేయవచ్చని 1993లో నియమం పెట్టారు. కానీ వీళ్ల ఓట్ల వల్లే ఫలితం తేలితే, వీళ్లను పక్కన పెట్టి మళ్లీ ఓటింగ్! మా వీధిలో తమ్ముణ్ణి అచ్చం ఇలాగే ఆడించేవాళ్లం. పరిగెత్తొచ్చు, పట్టుకోవచ్చు, లెక్కలోకి మాత్రం రాడు. ఆ నియమాన్నీ 1995లో తీసేశారు, 2007లో తెచ్చారు, 2011లో తీసేశారు, 2019లో మళ్లీ తెచ్చారు. అరటిపండుకీ గ్యారంటీ లేదు.

జవాబు: బాగుంది గానీ వ్యాసంలో అరటిపండు రాయలేరుగా. మన రాజ్యాంగం 88వ అధికరణం ప్రకారం అటార్నీ జనరల్ కూడా పార్లమెంటు ఉభయ సభల్లో మాట్లాడవచ్చు, ఓటేయకూడదు. అయితే ఆయన్ని జనం ఎన్నుకోరు, కాబట్టి పోలిక అక్కడికే. 'హక్కు' తీసేసి 'సభలో' చేర్చి చూడండి. కమిటీల్లో ఓటుంది కాబట్టి ఆ మాట అవసరం కూడా.

'సభలో ఓటు లేని డెలిగేట్' ఖాయం చేశానండీ. 'డెలిగేట్'ని అలాగే ఉంచేశాను. మా ఆవిడకు చూపిస్తే ఈసారి అర్థమైంది. "మరెందుకు పోటీ చేస్తారు?" అంది. అది అనువాదం సమస్య కాదు గనక తప్పించుకున్నాను.