బాబు హాస్టల్‌కి వెళ్లినప్పటి నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు

మాది తెనాలి. బాబు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఆదివారం ఫోన్‌లో "బానే ఉన్నా" అని పెట్టేస్తాడు. దసరా సెలవులకి వస్తే గోంగూర పచ్చడి చేశాను, వాడికి ప్రాణం. నాలుగు ముద్దలు తిని లేచిపోయాడు. అర్ధరాత్రి చూస్తే కళ్లు తెరుచుకునే పడుకుని ఉన్నాడు. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గాయని కింది సెక్షన్‌లో వేశారట. మావారు "అదే సర్దుకుంటుంది" అంటున్నారు. నాకు భయంగా ఉంది.

వరంగల్ నుంచి ఒక తండ్రి:
అమ్మా, మా పాపకీ ఇలాగే అయింది. ఫోన్ ఎత్తగానే "ఎన్ని మార్కులు?" అని అడిగేవాణ్ణి. అది మానేసి "ఇవాళ ఏం కూర పెట్టారు?" అని మొదలుపెట్టాను. మూడో వారం తనే ఏడ్చేసింది. సలహాలేమీ ఇవ్వలేదు, విన్నాను. తర్వాత డే స్కాలర్‌గా మార్చాం. హాస్టల్ ఫీజు పోయింది, పోనీండి.

ఒక జూనియర్ లెక్చరర్:
నిద్ర, తిండి రెండు వారాలకు పైగా ఇలాగే ఉంటే ఆగకండి, డాక్టర్‌కి చూపించండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకెళ్లండి. టెలీమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే చేసి మాట్లాడొచ్చు.

అడిగినావిడ:
14416కి చేశాను. నిన్న వెళ్లి వాణ్ణి ఇంటికి తెచ్చేసుకున్నాను. బస్సులో నా భుజం మీద తల పెట్టి తెనాలి వచ్చేదాకా నిద్రపోయాడు. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, మావారు కూడా వస్తానన్నారు.