రదీఫ్ రాకుండా పర్షియన్ సంగీతాన్ని కొత్తగా చేయొచ్చా?

ఇర్వైన్ శ్రీధర్
మా పక్కింటివాళ్లు ఇరాన్ వాళ్లు. పెద్దాయనకు డెబ్బై దాటాయి, సెతార్ అనే తీగవాద్యం వాయిస్తారు. కూతురికి ముప్పై ఉంటాయి. నౌరూజ్ (వాళ్ల కొత్త సంవత్సరం) భోజనానికి పిలిస్తే వెళ్లాం. అక్కడ తిండికంటే గొడవే ఎక్కువైంది. ఆ అమ్మాయి మొహ్‌సెన్ నామ్‌జూ పాట పెట్టింది. సెతార్ మీద రాక్, బ్లూస్ కలిపేస్తాడు, మధ్యలో గొంతు చించుకుని అరుస్తాడు. పెద్దాయన లేచి స్పీకర్ ఆపేశారు. "రదీఫ్ అంటే వీడికి లెక్కే లేదు" అన్నారు. "మీ రదీఫ్‌ని మ్యూజియంలో పెట్టుకోండి నాన్నా" అని ఆ అమ్మాయి.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. పర్షియన్ సంగీతంలో, మన రాగాల్లాంటివి, ఏడు దస్త్‌గాహ్‌లు, వాటికి అనుబంధంగా ఐదు ఆవాజ్‌లు. ఒక్కోదాంట్లో గూషేలనే చిన్న చిన్న స్వరరూపాలు వరసగా వస్తాయి. ఆ వరస మొత్తం రదీఫ్. అది కంఠతా వచ్చాకే సొంతంగా వాయించాలనేది పెద్దాయన పట్టు. మీరేమంటారు? మా అబ్బాయి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాడు, రేపు మా ఇంట్లోనూ ఇదే గొడవేమోనని నాకు టెన్షన్.

వీణ టీచర్, విజయవాడ
నేను పెద్దాయన పక్షం. వాళ్లు "సీనే బే సీనే" అంటారు, గుండె నుంచి గుండెకని. మనం గురుముఖతః అన్నట్టే. సరళీస్వరాలు రానివాడు "నేను కొత్తరకం కల్పనస్వరాలు వేస్తా" అంటే ఊరుకుంటామా? వేల ఏళ్ల సంపద అది.

గిటార్ బుజ్జి
మేడమ్, వయొలిన్ మనదా? బాలుస్వామి దీక్షితార్ తెచ్చినప్పుడు అదీ కొత్తదే. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ వాయిద్యంతో వచ్చినప్పుడూ మొదట మొహాలు చిట్లించారు కదా. పర్షియన్ వాళ్లకు మాత్రం ఈ మడి ఎందుకు?

వీణ టీచర్, విజయవాడ
శ్రీనివాస్ వాయించింది కీర్తనలే బాబూ. మారింది వాయిద్యం.

పాతబస్తీ
టీచర్ గారూ, ఒక్క దిద్దుబాటు. మా తాతయ్య దగ్గర కాస్త ఫార్సీ నేర్చుకున్నాను, ఈ సంగీతం పిచ్చి కూడా ఆయనదే. దస్త్‌గాహ్‌ల మూలాలు పాతవే. కానీ ఈ రోజు నేర్పే రదీఫ్ రూపం మాత్రం 19వ శతాబ్దపు కజార్ రాజుల దర్బారుది. అలీ అక్బర్ ఫరహానీ ఇంట్లో కుదిరింది, ఆయన కొడుకు మీర్జా అబ్దుల్లా (1843–1918) శిష్యులకు నేర్పిన వరసే అందరికీ ప్రమాణమైంది. అంటే వేల ఏళ్లు కాదు, నూటయాభై ఏళ్ల సంగతి. దాన్ని యునెస్కో జాబితాలో చేర్చింది 2009లో.

పైగా అంతా మారుతూనే వచ్చింది. తార్‌ అనే తీగవాద్యానికి ఆరో తీగ చేర్చింది దర్వీష్ ఖానే అంటారు. అలీ నకీ వజీరీ పారిస్, బెర్లిన్‌లలో చదువుకుని వచ్చి, పావుస్వరాలు రాయడానికి కొరోన్, సొరీ అని గుర్తులు కనిపెట్టాడు. అప్పట్లో ఆయన్ని సంప్రదాయ ద్రోహి అన్నారు. ఇప్పుడు పక్కా సంప్రదాయవాదుల పుస్తకాల్లో కూడా ఆ గుర్తులే!

బుజ్జీ, వయొలిన్ విషయంలో అక్కడ జరిగింది తిరగబడ్డ కథ. 20వ శతాబ్దం మొదట్లో వయొలిన్ వచ్చి, కమానుతో వాయించే వాళ్ల సొంత వాద్యం కమాంచేని మూలకు నెట్టేసింది. అబుల్ హసన్ సబా అంతటివాడు వయొలిన్ వాయించాడు. మొర్తెజా మహ్‌జూబీ ఏకంగా పియానోనే ఫార్సీ స్వరాలకు శ్రుతి చేయించుకున్నాడు. తర్వాత 'మన స్వచ్ఛత' అన్న గాలి వీచి, వయొలిన్ పక్కకు పోయి కమాంచే తిరిగొచ్చింది. అస్ఘర్ బహారీ దాన్ని పట్టుకుని నిలిపాడు. ఇప్పుడు లోకమంతా తిరిగే కైహాన్ కల్హోర్ వాయించేది ఆ కమాంచేనే. 1990ల చివర్లో మన షుజాత్ ఖాన్ సితార్‌తో కలిసి 'గజల్' పేరుతో వాయించాడు, వినకపోతే వినండి. ఇందులో పాతదేది, కొత్తదేది?

వీణ టీచర్, విజయవాడ
'వేల ఏళ్లు' అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ భాయ్, మీ జాబితా నా వాదనకే పనికొస్తుంది. వజీరీ, సబా, కల్హోర్, వీళ్లలో పాఠం రానివాళ్లు ఒక్కరు చెప్పండి.

గిటార్ బుజ్జి
నామ్‌జూ!

పాతబస్తీ
కాదు బుజ్జీ. నామ్‌జూ చిన్నప్పుడే సంప్రదాయ గాత్రం నేర్చుకున్నాడు. యూనివర్సిటీలో పాఠం చెప్పే పద్ధతి మీద గొడవపడ్డాడు, అది వేరే సంగతి. అతని అరుపు జాగ్రత్తగా విను. తహ్రీర్ అంటారే, గొంతు విరుస్తూ పాడే ఆ గమకం, దాన్ని విరగ్గొట్టి వాడుకుంటాడు. విరగ్గొట్టాలంటే ముందు గొంతులో ఉండాలిగా.

గిటార్ బుజ్జి
అంటే నేను ఓడిపోయానా 😀

పాతబస్తీ
లేదు. రదీఫ్ రావాలా వద్దా అన్నది సగం ప్రశ్నే. మిగతా సగం, అది నేర్చుకున్నవాళ్లు దాంతో ఏం చేశారని. నూర్ అలీ బొరూమంద్ అని ఒకాయన. వైద్యం చదవడానికి జర్మనీ వెళ్లాడు, చూపు పోయింది, ఇంటికొచ్చి సంగీతంలో పడ్డాడు. మీర్జా అబ్దుల్లా శిష్యుడు ఇస్మాయిల్ కహ్రమానీ దగ్గర రదీఫ్ మొత్తం పట్టాడు. 1968లో టెహ్రాన్‌లో సంప్రదాయ సంగీత పరిరక్షణ కేంద్రం పెట్టాక అక్కడా, యూనివర్సిటీలోనూ కుర్రాళ్లకు నేర్పాడు. ఒక్క స్వరం తప్పనివ్వని మనిషి.

ఆ కుర్రాళ్లు ఎవరు? మొహమ్మద్ రెజా లోత్ఫీ, హొసేన్ అలీజాదే. 1978 సెప్టెంబర్ 8న టెహ్రాన్‌లో సైన్యం షా పాలనను నిరసిస్తున్న జనం మీద కాల్పులు జరిపింది. వెంటనే వీళ్లు రేడియో ఉద్యోగాలు వదిలేసి, చావూష్ అన్న గుంపుగా ఉద్యమ పాటల క్యాసెట్లు చేశారు. భద్రంగా దాచమని అప్పజెప్పిన సరుకుని తీసుకెళ్లి వీధిలో పాడారు. ఐదేళ్లకు అలీజాదే 'నేయ్‌నవా' చేశాడు. ఒక నేయ్ (వాళ్ల వేణువు), చుట్టూ పాశ్చాత్య తీగవాద్యాల బృందం, స్వరాలు నవా దస్త్‌గాహ్‌వి. శ్రీధర్ గారూ, ఇది మీ పెద్దాయనా కాదనరు, కూతురూ కాదనదు. రేపు పెట్టి చూడండి.

వీణ టీచర్, విజయవాడ
విన్నాను. రెండుసార్లు. ఇంకేం మాట్లాడను.

గిటార్ బుజ్జి
కానీ భాయ్, నాకు ఒకటి అర్థం కాదు. మనం గురువులు, శిష్యులు అంటూ కొట్టుకుంటున్నాం. ఎవరు పాడాలో నిర్ణయించేది అసలు గురువులేనా అక్కడ?

పాతబస్తీ
అదీ మాట. కమరుల్ ములూక్ వజీరీ అనే గాయని 1924లో టెహ్రాన్ గ్రాండ్ హోటల్లో ముసుగు లేకుండా పాడింది. 1979 విప్లవం తర్వాత మగవాళ్ల ముందు ఆడవాళ్ల ఒంటరి గానం నిషేధం. సరిగ్గా వందేళ్లకు, 2024 డిసెంబర్‌లో, పరస్తూ అహ్మదీ అనే గాయని ఒక పాత సరాయిలో ప్రేక్షకులు లేకుండా, తలమీద గుడ్డ లేకుండా పాడి యూట్యూబ్‌లో పెట్టింది. కొద్దిరోజులకే అరెస్టు చేసి, ఆ తర్వాత వదిలారు. నామ్‌జూకి 2009లో, ఖురాన్ వాక్యాల్ని పాటలో వాడాడని, అతను లేకుండానే ఐదేళ్ల జైలు వేశారు. సంప్రదాయ గాయకుడు షజరియాన్ గొంతులోని 'రబ్బనా' రంజాన్ ఇఫ్తార్ వేళ ఇంటింటా మోగేది. 2009 ఎన్నికల గొడవల్లో ఆయన జనం వైపు మాట్లాడాక ప్రభుత్వ రేడియో, టీవీల్లో అదీ ఆగిపోయింది. సంప్రదాయానికి ఇంతకంటే పెద్ద దిక్కెవరు?

గిటార్ బుజ్జి
షజరియాన్ అంటే ఛాందసుడనుకున్నాను.

పాతబస్తీ
కుర్రతనంలో రేడియోలో మారుపేరుతో పాడాడు తెలుసా? ఖురాన్ పఠనం నేర్పిన నాన్నగారికి పాటలు నచ్చవని.

ఇర్వైన్ శ్రీధర్
అందరికీ థాంక్స్. నిన్న వెళ్లి 'నేయ్‌నవా' పెట్టమన్నాను. ఇద్దరూ కిక్కురుమనలేదు. అయ్యాక షజరియాన్ మారుపేరు సంగతి కదిపితే, పెద్దాయనకు ముందే తెలుసు. కూతురికి తెలియదు. "చూశావా నాన్నా!" అని ఎగిరింది. వెంటనే షజరియాన్ కొడుకు హొమాయూన్ 2013 ఆల్బమ్ పెట్టింది. తండ్రి పాటలకు అది చాలా దూరం, కుర్రాళ్లకు పిచ్చి. పెద్దాయన చివరిదాకా విని, "గొంతు నాన్నదే. పాట నాన్నది కాదు" అన్నారు. స్పీకర్ మాత్రం ఆపలేదు.

గిటార్ బుజ్జి
నేనూ ఒక ప్రయోగం చేశా. గిటార్ మీద శూర్ అనే దస్త్‌గాహ్ వాయిద్దామని కూర్చున్నా. ఆ కొరోన్ స్వరం రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉంది. తీగ లాగితే వస్తోంది కానీ నిలవట్లేదు. సెతార్ వాళ్లెలా పట్టుకుంటారు?

వీణ టీచర్, విజయవాడ
మా వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి బాబూ, కదలవు. అందుకే మేం లాగి తెచ్చుకుంటాం. సాధన చేస్తే నిలుస్తుంది.

పాతబస్తీ
సెతార్, తార్ మెట్లు మెడ చుట్టూ నరంతో కట్టినవి. కావాలంటే జరుపుకోవచ్చు. వాయించే దస్త్‌గాహ్‌ని బట్టి జరుపుతారు.

గిటార్ బుజ్జి
అయితే గిటార్ మెట్లు పీకేసి నైలాన్ దారం కట్టేస్తా.

వీణ టీచర్, విజయవాడ
పాత గిటార్ అయితేనే పీకండి. కొత్తదైతే ముందు ఇంట్లో చెప్పి పీకండి.