‘లాకు’ వేరు, ‘లాక్’ వేరు

కాలువకు అడ్డంగా తలుపులతో కట్టే ‘లాకు’ అచ్చతెలుగు మాటేనా అని మిత్రులొకరు అడిగారు. గోదావరి డెల్టాలో పెరిగినవారికి ఈ సందేహం కలగడం సహజమే, ఎందుకంటే ధవళేశ్వరం మొదలుకొని లొల్ల దాకా కాలువల మీద లాకులు అన్న మాట తప్ప వేరొకటి మనం వినలేదు. అయినా అది ఇంగ్లీషు ‘లాక్’ (lock) అన్న మాటే. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వెంట సాగుకూ పడవల రాకపోకలకూ కాలువలు తవ్వారు. ఈ మాట వాటితోనే మన నోటికెక్కిందని నా అభిప్రాయం.

తలుపు తాళానికి చెప్పే మాటను నీటికెందుకు వాడారన్నది అసలు ప్రశ్న. పాత ఇంగ్లీషులో దానికి గడియ అనే కాక, మూసి ఉంచిన ఆవరణ అనే అర్థం కూడా ఉండేది. లాకులో జరిగేది సరిగ్గా అదే: ఎగువనా దిగువనా తలుపులున్న గదిలోకి పడవ చేరాక, వెనక తలుపులు మూసి, నీటిని నింపో వదిలో ముందున్న మట్టానికి తెచ్చి, అప్పుడు ముందు తలుపులు తీస్తారు. కుస్తీలో పట్టుకూ, పాత తుపాకుల్లో మందు అంటించే భాగానికీ ఇదే మాట చెల్లుతుంది. కురుల పాయకు వాడే మాట మాత్రం రూపం ఒకటైనా పుట్టుకలో వేరు.

నన్ను ఎక్కువగా ఆకర్షించే సంగతి, ఈ మాటను మనం రెండుసార్లు తెచ్చుకున్నామన్నది. మొదటిసారి వచ్చినది చివర ఉకారం చేర్చుకొని, లాకులు, లాకుల్లో, లాకుమీద అంటూ తెలుగు విభక్తులకు ఒదిగిపోయింది. ఈ మధ్య వచ్చినది పొల్లుతోనే నిలిచి, ‘ఫోన్ లాక్ అయింది’, ‘కారు లాక్ చేశావా’ అనే చోట్ల కనిపిస్తుంది. మా ఊళ్లో ఈ రెంటినీ ఎవరూ కలిపి పలకరు.

అందువల్ల లాకుకు బదులుగా సంస్కృత సమాసమొకటి కల్పించాలని ఎవరైనా సూచిస్తే నేను అంగీకరించలేను. అయితే నిఘంటువులో దానికి రెండు అర్థాలు ఇవ్వాలి: పడవలు దాటే నీటిగది ఒకటి, పడవలు తిరగకపోయినా, కాలువకు అడ్డంగా తలుపులతో నీటిని ఆపే కట్టడం రెండవది. నేడు డెల్టా రైతు లాకు అన్నప్పుడు ఎక్కువగా ఉద్దేశించేది ఈ రెండవదాన్నే.