రైతు భరోసా పైసలు పట్టాదారుకా, దున్నేవాడికా?

నర్సంపేట పోరడు:
మా నాన్న మూడెకరాలు కౌలుకు పట్టి పత్తి, మిర్చి వేస్తాడు. పట్టాదారు ఉండేది హైదరాబాద్‌లో. తెలంగాణ సర్కారు ఇచ్చే పంట పెట్టుబడి సాయం, రైతుబంధు ఉన్నన్నాళ్లూ ఆయన ఖాతాలోనే పడింది, ఇప్పుడు రైతు భరోసా కూడా అంతే. పైగా పథకం పేరు చెప్పి కౌలు తగ్గించకపోగా ఏటా పెంచుతున్నాడు. 2023 ఎన్నికలప్పుడు కాంగ్రెసోళ్లు కౌలు రైతులకూ ఎకరాకు 15 వేలన్నారు కదా, మా పేరు రాయించుకునే దారేమైనా ఉందా?

మొగిలి:
తమ్ముడూ, 2018లో ఈ లెక్క మొదలైనప్పటి నుంచీ డబ్బు భూమి వెంట పోతోంది, మనిషి వెంట కాదు. పదెకరాలున్నాయనకు ఎకరమున్నవాడికి పదింతలు, కౌలుదారుకు సున్నా. 5 లక్షల రైతుబీమా కూడా పట్టా ఉంటేనే, అంటే అప్పులపాలై చచ్చిపోయినా కౌలు రైతు ఇంట్లో వాళ్లకు రాదు. 2025లో ఎకరాకు ఏడాదికి 12 వేలు చేశారు, అదీ పట్టాదారుకే. భూమిలేని కూలీలకు వేరే పథకం పెట్టారు గానీ నీలాంటోళ్లు మధ్యలో ఉండిపోయారు. ఖాతాలో డబ్బులు వేయడం ఏ ప్రభుత్వానికైనా సులువే. చేన్లోకి పోయి ఎవరు దున్నుతున్నారో రాయాలంటేనే తంటా, ఊళ్లో పదిమంది ఓట్లు వేయించే పట్టాదారుకు కోపమొస్తది మరి.

పరకాల నుంచి:
భూమి ఇచ్చినోళ్లందరూ దొరలు కాదన్నా. నాది ఎకరం ఇరవై గుంటలు, ఉద్యోగం కోసం కరీంనగర్‌లో ఉంటున్నా. కౌలుదారు పేరు కాగితం మీదికెక్కితే భూమి పోతుందని మా అమ్మకు ఒకటే టెన్షన్. 1950 కౌలు చట్టం కింద రక్షిత కౌలుదార్లకు, అంటే చట్టం రక్షణ ఉన్న పాత కౌలుదార్లకు, 38-ఇ సర్టిఫికెట్లు ఇచ్చి ఆ భూమికే హక్కుదార్లను చేసిన ముచ్చట ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటారు. అందుకే అంతా నోటిమాటే.

మొగిలి:
ఆ భయం పోగొట్టడానికే 2011లో సాగుదారుల చట్టం తెచ్చారు. దాని కింద కౌలుదారుకు ఇచ్చే కార్డు పంటరుణం, బీమా, నష్టపరిహారం వరకే, దాన్ని చూపించి భూమి మీద హక్కు అడగలేరు. ఇక్కడ దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఆంధ్రలో 2019లో కొత్త చట్టం చేసి యజమాని సంతకం కావాలన్నారు, సంతకం ఎవరు పెడతారు? నర్సంపేట తమ్ముడూ, నువ్వైతే ఆ 2011 చట్టం కార్డు కోసం తహసీల్దార్‌కు దరఖాస్తు పెట్టి రశీదు తీసుకో.

నర్సంపేట పోరడు:
పెడతా అన్నా. పోయినేడు పత్తి అమ్ముదామని కొనుగోలు కేంద్రానికి పోతే పాస్‌బుక్ అడిగారు. పట్టాదారు తన పాస్‌బుక్ మీద అమ్మించి, పైసలు తన ఖాతాలో పడ్డాక ముందు కౌలు పట్టుకుని మిగతాది ఇచ్చాడు.