ఆన్‌లైన్ కోర్సులో జట్టు పనికి అందరికీ ఒకే మార్కు న్యాయమేనా?

రాత్రి_చదువరి:
ఆరు వారాల గణాంకశాస్త్రం కోర్సు నిన్ననే ముగిసింది. నలుగురికి ఒక జట్టు, జట్టుకు ఒక నివేదిక, నలుగురికీ ఒకే మార్కు. మొదటి సమావేశంలో పది నిమిషాల్లో పనిని నాలుగు ముక్కలు చేసుకున్నాం. ఆ తర్వాత ఎవరి ముక్క వారిది. చివరి రాత్రి నేనే కూర్చుని, నాలుగు సైజుల్లో ఉన్న అక్షరాలను ఒకటి చేసి, రెండు చోట్ల రెండు రకాలుగా వచ్చిన సగటును సరిచేసి పంపాను. నాలుగో సభ్యుడు మూడో వారం నుంచి పత్తా లేరు. ఉమ్మడి ఫైలులో మార్పుల చరిత్ర తెరిస్తే ఆయన చేసిన మార్పు ఒక్కటే కనబడింది: తన పేరులో అక్షరదోషం దిద్దుకున్నారు! దీన్ని కలిసి నేర్చుకోవడం అంటారా? వంతులు వేసుకుని అతికించడం అంటాను నేను. ఒకే మార్కు పద్ధతి పోవాలి.

తాడు_కొస:
నా ఓటు మీకే. ఈ బాధ పాతదే. ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు రింగెల్‌మాన్ తాడు లాగే ప్రయోగాల ఫలితాలను 1913లోనే ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి బలం ఒంటరిగా లాగినప్పటి దానిలో దాదాపు సగానికి పడిపోయింది. 1979లో అమెరికా మనస్తత్వవేత్త లతానే బృందం చప్పట్లు, అరుపులతో ఇలాంటి తగ్గుదలనే చూసింది. ఎవరి అరుపు ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పినప్పుడు ఆ తగ్గుదల పోయిందని అదే బృందం 1981లో చూపింది. కాబట్టి జట్లు ఉండనివ్వండి, ఎవరి చెయ్యి ఎంత పడిందో లెక్క తేలాలి.

మాటలేని_సభ్యుడు:
మరో కోర్సులో ఆ నాలుగో మనిషిని నేనే. ఫోనులో చదివేవాణ్ణి. ఆ చిన్న తెర మీద పట్టికలో ఒక గడి దిద్దబోతే పక్క గడి చెరిగిపోయేది. రాత్రి డ్యూటీ ముగించుకుని తెరిచేసరికి మిగతా ముగ్గురూ చర్చించి, తేల్చేసి, రాసేసి ఉండేవారు. 140 సందేశాలు చదివి చివర ‘బాగుంది’ అని పెట్టడమే నాకు మిగిలిన పని. మార్పుల చరిత్రలో టైపు చేసినవాడే కనబడతాడు, చదివినవాడు కనబడడు. కొలవండి, కాదనను. దేన్ని కొలుస్తున్నారో చూసుకోండి.

పాత_ట్యూటర్:
ముగ్గురూ మార్కు చుట్టూనే తిరుగుతున్నారు. లోపం పని అప్పగించిన తీరులో ఉంది. ముక్కలు చేసుకోవడం తప్పేమీ కాదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగర బడుల్లో మనస్తత్వవేత్త ఎలియట్ అరాన్సన్ మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి నడిచేదే ముక్కల మీద. పాఠంలో ఒక్కో భాగం ఒక్కొక్కరికి ఇస్తారు, దాన్ని మిగతావారికి నేర్పే బాధ్యత కూడా వారిదే. పరీక్ష మాత్రం పాఠం మొత్తం మీద, ఎవరికి వారికి. మీ కోర్సులో ఈ రెండో సగం ఎగిరిపోయింది. చదువరి గారూ, మిగతావారు రాసిన భాగాలను ఇప్పుడు మీరు వివరించగలరా?

రాత్రి_చదువరి:
లేదండీ. ఒక్క చోట తప్ప. మా జట్టులో ఒకామె, ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) లెక్కలో నమూనా విలువలు ఐదుంటే నాలుగుతో ఎందుకు భాగిస్తామని అడిగింది. ‘సూత్రం అంతే’ అన్నాను. ఆమె వదల్లేదు. 2, 4, 5, 6, 8 తీసుకున్నాం. సగటు 5. తేడాలు మైనస్ 3, మైనస్ 1, 0, 1. ఐదోదాన్ని దాచి, ఎంతో చెప్పమంది. తేడాల మొత్తం సున్నా కావాలి కాబట్టి 3 అన్నాను. ‘అయితే సొంతంగా మారగలిగేవి నాలుగే కదా’ అని తనే ఆగిపోయింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. కోర్సు మొత్తంలో నాకు నిజంగా తలకెక్కింది ఆ నలభై నిమిషాలే. నివేదికలో అది ఒక్క వాక్యం కూడా కాలేదు, మార్కూ రాలేదు.

సరే, నా మాట కొంత మార్చుకుంటాను. నివేదికకు ఉమ్మడి మార్కు కొద్దిగా ఉండనివ్వండి. మిగతాది, జట్టులో మరొకరు రాసిన భాగాన్ని ఐదు నిమిషాలు నోటితో వివరించినందుకు ఇవ్వాలి.

తాడు_కొస:
వెయ్యి మంది చేరిన కోర్సులో అవన్నీ ఎవరు వింటారు? 5,000 నిమిషాలు, అంటే 83 గంటల పైమాటే. ట్యూటర్ గారు వింటారా?

పాత_ట్యూటర్:
అన్నీ వినను. జట్టుకు ఒకటి చీటీ తీసి వింటాను. ఎవరిది వస్తుందో ముందే తెలియదు కాబట్టి నలుగురూ సిద్ధపడి రావాల్సిందే.

మాటలేని_సభ్యుడు:
మాట్లాడటానికైతే ఫోను చాలు. డ్యూటీ నుంచి వచ్చాక అయినా పంపగలను. సూత్రాలు టైపు చేయమని మాత్రం అడగకండి.