తెల్లవారుజామున వెలిగి, నరసన్నపేట దాటేసరికి ఆరిపోతున్న టైరు దీపం

అరసవల్లి_ఉదయం (శ్రీకాకుళం)

సభ్యులందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం నుంచి టెక్కలికి రోజూ కారులో ఉద్యోగానికి వెళ్లి వస్తాను. సంక్రాంతి వెళ్లిన నాటి నుంచి ఒక చిత్రం జరుగుతోంది. ఉదయం ఆరు గంటలకు బండి తీయగానే, గుర్రపు నాడా ఆకారంలో మధ్య ఆశ్చర్యార్థకం ఉన్న పసుపుపచ్చ దీపం, టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించేది, మీటరు బోర్డులో వెలుగుతోంది. హైవే ఎక్కి నరసన్నపేట దాటేసరికి అదే ఆరిపోతోంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు దాని జాడే ఉండదు. మూడు వారాల కిందటే నాలుగు చక్రాలకూ గాలి కొట్టించాను కాబట్టి సెన్సరు పాడైందేమోనని షోరూముకు ఫోను చేస్తే, బండి వదిలి వెళ్లమన్నారు. ఒక రోజంతా బండి అక్కడ పెట్టే ముందు ఇక్కడ అడుగుదామనిపించింది.

బొబ్బిలి_వీణ (బొబ్బిలి)

సెన్సరు పాడైతే దీపం ఇలా ప్రవర్తించదండీ. ఈ వ్యవస్థలో లోపం ఉంటే చాలా కార్లలో ఆ దీపం బండి తీయగానే నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకు మిణుకుమని, ఆ తరువాత నిలకడగా వెలుగుతూ ఉండిపోతుంది. మీది మిణకడం లేదు, పైగా టైరు వేడెక్కగానే ఆరిపోతోంది, అంటే సెన్సరు తన పని తాను చక్కగా చేస్తోంది, టైర్లలో గాలే తక్కువగా ఉంది. గాలి ఎక్కడ, ఏ వేళకు, ఎంత కొట్టించారు? మీ బండిలో ఒక్కొక్క చక్రం అంకె విడిగా కనబడుతుందా, లేక దీపం మాత్రమేనా?

అరసవల్లి_ఉదయం

దీపం మాత్రమే ఉందండీ, అంకెలు కనబడవు. ఆ రోజు టెక్కలిలో పని త్వరగా ముగించుకొని మధ్యాహ్నం రెండింటికి తిరిగి వస్తూ దారిలో ఒక పెట్రోలు బంకులో ఆగాను. అక్కడి కుర్రాడు "ముప్పై మూడు ఎట్టీమంటారా బాబూ?" అని అడిగాడు, డ్రైవరు వైపు తలుపు స్తంభం మీది పట్టీలో కూడా 33 అనే ఉండడంతో సరేనన్నాను. యంత్రం కీచుమనగానే గొట్టం తీసేశాడు. అంతకు మించి నేను చూసుకోలేదు.

సాలూరు_ఘాటీ (సాలూరు)

చిక్కంతా ఆ మధ్యాహ్నం రెండు గంటల దగ్గరే ఉంది బాబూ. నేను 30 ఏళ్లు లారీ నడిపి, ఇప్పుడు ఇంట్లో కూర్చున్నవాణ్ణి, కాస్త వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి.

పట్టీ మీద రాసిన 33 చల్లని టైరుకు చెప్పిన లెక్క. చల్లని టైరు అంటే మంచులో పెట్టినదని కాదు, కనీసం మూడు గంటలు నీడన నిలబడి ఉన్న బండి టైరు, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి తిరగనిది అని అర్థం. ఎండలో అరవై డెబ్బై వేగంతో యాభై కిలోమీటర్లు వచ్చిన టైరు చెయ్యి పెడితే చుర్రుమనేంత వేడిగా ఉంటుంది. లోపలి గాలి ఐదారు డిగ్రీలు వేడెక్కినప్పుడల్లా పీడనం సుమారు ఒక పీఎస్ఐ (గాలి పీడనాన్ని కొలిచే లెక్క, వాడుకలో పాయింటు అంటాం, మీ 33 కూడా ఇందులోదే) పెరుగుతుంది. చల్లబడితే అంతే తగ్గుతుంది. మీ టైరు ఆ మధ్యాహ్నం యాభై డిగ్రీలకు దగ్గరగా ఉండి 33 చూపిందనుకుంటే, తెల్లవారి పదిహేడు డిగ్రీల చలికి అదే టైరు 27 చూపుతుంది. ఇందులో గాలి బయటికి పోయింది ఏమీ లేదు, వేడి పోయింది అంతే.

దీనికి తిరగేసిన పొరపాటు ఇంకా ప్రమాదకరమైనది. వేసవిలో దూరప్రయాణం మధ్యలో కొలిచి, 37 ఉందని భయపడి, నాలుగు పాయింట్లు వదిలేసేవాళ్లను చూశాను. వేడిగా ఉన్నప్పుడు గాలి వదలకూడదు. వదిలితే టైరు పక్కగోడ మరింత వంగుతుంది, వంగిన కొద్దీ మరింత వేడెక్కుతుంది, అక్కడి నుంచి పేలడానికి ఎంతో దూరం ఉండదు. సుంకి ఘాట్‌లో బరువు మీద ఉన్న బండ్లకు ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

మా లారీవాళ్లు ఇనుప రాడ్డుతో టైరును కొట్టి చప్పుడు వింటారు. జంట చక్రాల్లో లోపలిది పూర్తిగా దిగిపోతే ఆ చప్పుడు మొద్దుబారి, చేతికే తెలిసిపోతుంది. కానీ వంద పీఎస్ఐకి పైన గాలి ఉండే లారీ టైరుకు పనికొచ్చే ఆ విద్య 33కూ 26కూ తేడా చెప్పదు. కాలితో తన్ని చూడడం అంతకంటే దండగ. ఇప్పటి రేడియల్ టైర్లు సరిపడా గాలి ఉన్నా కింద కాస్త ఉబ్బినట్టే కనిపిస్తాయి కాబట్టి కంటికి కూడా దొరకదు. గాలి కొలిచే గేజీ కొనుక్కోండి, మరో మాట లేదు.

బొబ్బిలి_వీణ

పెద్దాయన చెప్పినదానికి ఒక చేర్పు. ఆ దీపం వెలిగేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. అమెరికాలో టైరు వైఫల్యాల వల్ల జరిగిన ప్రమాదాల దరిమిలా 2000లో చట్టం తెచ్చి, 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ హెచ్చరికను తప్పనిసరి చేశారు. అక్కడి నియమం ప్రకారం చెప్పిన పీడనానికి 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. మీ 33కు ఆ లెక్క కడితే దాదాపు 25 వస్తుంది. ఎక్కువ కార్లు కాస్త ముందే హెచ్చరిస్తాయి గాని, దీపం వెలగలేదు కాబట్టి గాలి సరిగ్గా ఉందనుకోవడానికి మాత్రం వీల్లేదు. 28తో నెలల తరబడి తిరిగినా మీకు తెలియకపోవచ్చు, టైరు అంచులు అరిగిపోయి, మైలేజీ తగ్గాక తెలుస్తుంది.

ఇంకో అనుమానం. నాలుగూ 27 దగ్గర ఉంటే దీపం వెలుగుతుందో లేదో అన్నంత అంచున ఉంటాయి. రోజూ తప్పకుండా వెలుగుతోందంటే వాటిలో ఒకటి మిగతావాటికంటే దిగువన ఉండి ఉంటుంది. విడివిడిగా కొలిచి చూడండి.

జీడితోట_పలాస (పలాస)

నా అనుభవం కూడా చెబుతాను, ఎందుకంటే అందరి బండ్లలోనూ ఒకే ఏర్పాటు ఉండదు. కొన్నిటిలో చక్రం లోపల వాల్వుకు అంటుకొని బ్యాటరీతో నడిచే సెన్సరు ఉంటుంది. నా బండిలో అది లేదు. గాలి తగ్గిన చక్రం చుట్టుకొలత కాస్త తగ్గి మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది కదా, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సెన్సర్లు ఆ తేడాను పసిగట్టి దీపం వెలిగిస్తాయి. ఇలాంటి బండిలో గాలి కొట్టించిన ప్రతిసారీ రీసెట్ బటన్ నొక్కి, ఇదే సరైన గాలి అని బండికి నేర్పాలి.

నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఒకసారి దీపం వెలిగినప్పుడు గాలి చూసుకోకుండానే చిరాకుతో రీసెట్ నొక్కేశాను. బండి ఆ తక్కువ గాలినే సరైనదిగా నేర్చుకొని ఐదు నెలలు నోరు మెదపలేదు. ముందు టైర్ల రెండు అంచులూ నున్నగా అయిపోయి, నడిమి గాళ్లు మాత్రం మిగిలాయి.

సెన్సరు ఉన్న బండ్లవాళ్లకు ఒక జాగ్రత్త: టైరు విప్పించేటప్పుడు లోపల సెన్సరు ఉందని షాపతనికి ముందే చెప్పండి. మా తమ్ముడి బండికి టైరు మార్చినప్పుడు గడ్డపార మోపి దాన్ని విరగ్గొట్టేశారు. దాని బ్యాటరీ కూడా ఏడెనిమిదేళ్లకు అటూ ఇటూగా అయిపోతుంది, చాలావాటిలో బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు. నైట్రోజను సంగతి ఎవరైనా ఎత్తుతారని ముందే చెబుతున్నాను: మామూలు గాలిలో 78 శాతం అదే ఉంది, చలికి అది కూడా తగ్గుతుంది.

అరసవల్లి_ఉదయం

అందరికీ కృతజ్ఞతలు. శనివారం గేజీ కొన్నాను. ఆదివారం ఉదయం ఆరింటికి, బండి కదపకుండా, నాలుగు చక్రాలూ కొలిచాను. ముందు రెండూ 27, వెనక కుడిది 26½, వెనక ఎడమది 24. బొబ్బిలి వారి అనుమానమే నిజమైంది.

మేకు దిగిందేమోనని ఆ టైరంతా తడిమాను, ఏమీ లేదు. మా ఆవిడ గిన్నెలు తోమే సబ్బును చెంబు నీళ్లలో కలిపి ఇస్తే ముందు గాళ్ల మీద, తరువాత రిమ్ము అంచున, చివరికి వాల్వు నోటి మీద పోశాను. వాల్వు దగ్గర ఆవగింజంత బుడగ నెమ్మదిగా ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బింది. మూత ఎప్పుడు పోయిందో తెలియదు గాని వాల్వు నోట్లో ఇసుక ఉంది. కళింగపట్నం తీరానికి వెళ్లినప్పుడు చేరిందని నా ఊహ. పక్క వీధిలోని పంక్చరు షాపతను లోపలి పిన్ను తీసి కొత్తది బిగించాడు, రెండు నిమిషాల పని. ఇంటికీ షాపుకూ అర కిలోమీటరే కాబట్టి టైర్లు చల్లగానే ఉన్నాయి. నాలుగూ 33కు పెట్టించి నా గేజీతో మళ్లీ చూసుకుంటే అతని యంత్రానికీ నాదానికీ ఒక పాయింటు తేడా వచ్చింది. నాలుగు రోజులైంది, దీపం వెలగలేదు. ఇక ఏప్రిల్, మే నెలల్లో ఎండలు ముదిరాక కాస్త తగ్గించాలా?

సాలూరు_ఘాటీ

ముందుగా తగ్గించనక్కర్లేదు. నెలకోసారి తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు కొలిచి ఆ పట్టీ అంకెకు సరిచేసుకుంటే కాలం సంగతి అదే సర్దుకుంటుంది. ఏ చిల్లూ లేకపోయినా నెలకు ఒకటి రెండు పాయింట్లు ఎలాగూ తగ్గుతాయి. ఇంటిల్లిపాదీ సామానుతో సహా బయలుదేరేటప్పుడు వెనక చక్రాలకు అదే పట్టీలో వేరే అంకె ఉంటుంది, అది పెట్టించండి. టైరు గోడ మీద రాసి ఉండే పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, దాని జోలికి పోవద్దు. ఇంతకీ స్టెప్నీ చూశారా?

అరసవల్లి_ఉదయం

చూడలేదండీ, మీరు అడిగాక ఇప్పుడే డిక్కీ తెరిచాను. సన్నటి స్టెప్నీ, గోడ మీద 60 పెట్టమని రాసి ఉంది. నా గేజీ 14 చూపుతోంది. దానికి సెన్సరు లేదు.